క్యోటోలో ఎర్రాకుల కాలం: ఒక్కరోజే ఉంటే ఏ వైపు వెళ్లాలి?

నవంబరులో క్యోటో చూడబోయేవాళ్ల చేతుల్లో జాబితాలు దాదాపు ఒకేలా ఉంటాయి. పొద్దున బంగారు గుడి కింకాకుజి, మధ్యాహ్నం కియోమిజు, సాయంత్రం అరషియామా వెదురు తోపు, మధ్యలో ఖాళీ దొరికితే ఫుషిమి ఇనారి. కాగితం మీద నాలుగే పేర్లు. కానీ కింకాకుజి ఊరికి వాయవ్య మూల, కియోమిజు తూర్పు కొండవాలు, అరషియామా పడమటి పొలిమేర, ఇనారి దక్షిణం. ఆకులు ఎర్రబడే రెండు మూడు వారాల్లో సిటీ బస్సులు ఎంత కిక్కిరిసి, ఎంత మెల్లగా కదులుతాయో ఈ జాబితాలో ఉండదు. ఈ నాలుగింటినీ ఒక రోజులో చుట్టబోయినవాళ్లు సగం రోజు బస్సులో నిలబడతారు, మిగతా సగం బస్సు కోసం నిలబడతారు.

క్యోటో 794 నుంచి 1868 దాకా రాజధానిగా ఉన్న ఊరు. 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన క్యోటో కట్టడాలు, పక్కనున్న ఉజి, ఓత్సు ఊళ్లవి కలిపి, 17. వాటిలో ఏవి గొప్పవో తేల్చడం ఇక్కడి పని కాదు. ఊరికి నాలుగు వైపులున్నాయి, రోజు ఒక్కటే ఉంది కాబట్టి ఒక వైపు ఎంచుకుని అక్కడే నడవాలి. ఆ వైపు ఏదన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: మీరు వెళ్లే తేదీ, పొద్దున గది ఎన్నింటికి వదలగలరు, వెంట వచ్చేవాళ్ల మోకాళ్లు.

ముందు తేదీ చూసుకోండి

మనకు కార్తీకంలో వనభోజనాలు ఎలాగో, జపాన్‌వాళ్లకు శరత్తులో మోమిజిగారి అలాగ. మాటకు మాట చెబితే ‘మేపుల్ ఆకుల వేట’. చెట్ల కిందికి ఊరంతా కదులుతుంది. తేడా ఏమిటంటే ఉసిరి చెట్టు నెలంతా అక్కడే ఉంటుంది, మోమిజి రంగు మాత్రం ఒక్కో చోట వారం పది రోజులే నిలుస్తుంది.

రాత్రి చలి 8 డిగ్రీల చుట్టుపక్కలకు దిగాక ఆకులో పచ్చదనం విరగడం మొదలవుతుంది. పగలు ఎండ బాగా కాస్తే ఎరుపు చిక్కబడుతుంది. అందుకే కొండల్లో ముందు, ఊరి నడుమ ఆలస్యం. వాయవ్యాన కొండల్లో ఉన్న తాకావో నవంబరు మొదటి వారం చివర మొదలై నెల మధ్యకు పండుతుంది. అరషియామా మూడో వారం నుంచి. తూర్పు కొండపాదం, అంటే హిగాషియామా వైపు ఎయికాన్‌దో, నాన్‌జెంజి, కియోమిజు, తోఫుకుజిలకు నెల చివరి పది రోజులు. ఊరి నడుమ ఉన్న షిమోగామో గుడి అడవి డిసెంబరు మొదటి వారానికి కూడా నిలుస్తుంది. ఇటీవలి ఏళ్లలో అక్టోబరు వెచ్చగా ఉండి ఇదంతా కొన్ని రోజులు ఆలస్యమవుతోంది. అనుమానం వస్తే తొందరగా కాక, కొన్ని రోజులు ఆలస్యంగా వెళ్లడమే మేలు.

కాబట్టి నవంబరు 10న వెళ్లేవాళ్లు తోఫుకుజి ఎంచుకుంటే పచ్చని చెట్లు చూసి వస్తారు. నవంబరు 30న తాకావో వెళ్తే మెట్ల మీద రాలిన ఆకులే మిగులుతాయి. ‘ఫొటోలో ఉన్నట్టు లేదు’ అనే నిరాశకు ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇంకో రెండు సంగతులు. నవంబరు 23 జాతీయ సెలవు. అది శని ఆదివారాలకు ఆనుకుని వస్తే ఆ మూడు రోజులూ క్యోటో తలపెట్టకండి, కుదిరితే మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి. నెల చివర పొద్దు ఆరూ నలభై ప్రాంతంలో పొడిచి నాలుగూ ముప్పావు, యాభైకల్లా కుంకుతుంది. చాలా గుళ్లు నాలుగున్నరకో అయిదుకో మూస్తారు. అంటే మీ ‘రోజు’ ఎనిమిది గంటలే. అరషియామాకు పడమట కొండలు అడ్డం. మధ్యాహ్నం మూడు దాటగానే లోయ నీడలో పడుతుంది కాబట్టి అక్కడ పొద్దుటి వెలుగే వెలుగు. హిగాషియామాకు కొండ తూర్పున ఉంది. అక్కడ పొద్దుట నీడగా ఉండి, మధ్యాహ్నం ఎండ ఆకుల మీద నేరుగా పడుతుంది. ఫొటోల కోసం వెళ్లేవాళ్లకు ఇది ముఖ్యం. జనం తగ్గాలనుకునేవాళ్లకు మాత్రం ఏ వైపైనా పొద్దుటి పూటే.

తూర్పు కొండపాదం: నాన్‌జెంజి, ఎయికాన్‌దో, తత్వవేత్త బాట

మొదటిసారి వెళ్లేవాళ్లకు, నవంబరు 20 తరువాత ఒక్కరోజే ఉంటే, మా ఓటు దీనికే. గుళ్లు ఒకదాని వెంట ఒకటి నడకలో వస్తాయి, బస్సు ఒక్కసారే ఎక్కాలి, అలసిపోతే మధ్యలో ఎక్కడైనా ఆపేయవచ్చు.

క్యోటో స్టేషన్‌లో కరసుమా సబ్‌వే ఎక్కి కరసుమా-ఓయికేలో తోజాయ్ లైనుకు మారి కెయాగేలో దిగాలి. ఇరవై నిమిషాల ప్రయాణం, 260 యెన్‌లు. స్టేషన్ బయటే ఇటుకలు మెలితిప్పినట్టు పేర్చిన చిన్న సొరంగం ఉంటుంది. దాని గుండా పది నిమిషాలు నడిస్తే నాన్‌జెంజి. ఆవరణకు టికెట్ లేదు, ఎనిమిదికే తిరగవచ్చు. మన గాలిగోపురంలా ముందు నిలబడే సాన్‌మోన్ 22 మీటర్ల ఎత్తు, 1628లో కట్టింది. దాని పైకి ఎక్కడానికి 600 యెన్‌లు. మెట్లు దాదాపు నిచ్చెనే. చెప్పులు విప్పి, తాడు పట్టుకుని ఎక్కాలి. పెద్దవాళ్లను కిందే కూర్చోబెట్టండి, కింద నుంచి చూసినా నష్టం లేదు. దొంగ ఇషికావా గోయెమోన్ ఈ గోపురం మీద నిలబడి ఊరి అందాన్ని మెచ్చుకున్నట్టు కబుకి నాటకం చెబుతుంది. అతన్ని చంపించింది 1594లో, ఈ గోపురం లేచింది ఆ తరువాతే. నాటకానికి లెక్కలెందుకు!

ఆవరణ వెనక ఎర్ర ఇటుక ఆర్చీల మీద కాలువ పారుతుంటుంది. సుయిరోకాకు, 1888 నాటిది, బివా సరస్సు నీళ్లు ఊళ్లోకి తెచ్చిన కాలువలో భాగం. గోదావరి జిల్లాలవాళ్లకు గన్నవరం అక్విడక్టు గుర్తొస్తుంది. ఆర్చీల కింద ఫొటోకు తొమ్మిది దాటితే వరస కట్టాలి.

ఎనిమిదిన్నర దాటగానే నాన్‌జెంజి వదిలి ఉత్తరానికి నడవండి. ఎనిమిది నిమిషాల్లో ఎయికాన్‌దో. తొమ్మిదికి తెరుస్తారు, ఎనిమిదీ నలభై అయిదుకు గేటు దగ్గర ఉండాలి. ఎర్రాకుల రోజుల్లో టికెట్ 1000 యెన్‌లు. 853లో మొదలైన ఈ గుడికి ‘మోమిజి ఎయికాన్‌దో’ అనే పేరు పాతకాలం నుంచే ఉంది, చెట్లు సుమారు 3000. తెరవగానే అందరూ చెరువు దగ్గర ఆగిపోతారు. మీరు ఆగకండి, తిన్నగా పైన తాహోతో అనే చిన్న గోపురానికి ఎక్కండి. ఊరంతా కనిపించే ఆ చోటు పదిన్నర దాటాక కిటకిటలాడుతుంది. దిగేటప్పుడు చెరువు చూసుకోవచ్చు.

ఇక్కడి మూలమూర్తి అమిదా బుద్ధుడు ఎడమ భుజం మీదుగా వెనక్కి చూస్తుంటాడు. 77 సెంటీమీటర్ల విగ్రహం. 1082లో యోకాన్ అనే భిక్షువు జపం చేస్తూ ప్రదక్షిణ చేస్తుంటే విగ్రహం పీఠం దిగి ముందు నడిచిందట. భిక్షువు నిర్ఘాంతపోయి ఆగితే, వెనక్కి తిరిగి ‘యోకాన్, ఆలస్యం చేస్తున్నావు’ అందట. ముందు నుంచి చూస్తే ముఖం సరిగా అందదు. పక్కకు వెళ్లి చూడడానికి చోటు ఇచ్చారు, చాలామంది అది గమనించకుండానే వచ్చేస్తారు.

పదిన్నరకు బయటపడితే అక్కడి నుంచి తత్వవేత్త బాట. నిషిదా కితారో అనే తత్వవేత్త రోజూ నడిచిన కాలువ గట్టు, రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. నిజం చెప్పాలంటే ఈ బాట చెర్రీ పూల కాలానిది. శరత్తులో దారి మాత్రమే. దీని పక్కనే కొంచెం పైన ఉన్న హోనెన్-ఇన్ మాత్రం వదలకండి. గడ్డి కప్పిన చిన్న గేటు, రెండు ఇసుక దిబ్బలు, నాచు. ఆవరణకు టికెట్ లేదు, సాయంత్రం నాలుగుకు మూస్తారు. చివర గింకాకుజి. పేరుకు వెండి మేడ, వెండి రేకు ఎక్కడా లేదు. 1482లో అషికాగా యోషిమాసా అనే మాజీ షోగున్ (సైనిక పాలకుడు) తన విశ్రాంతి కోసం కట్టడం మొదలుపెట్టిన ఇల్లు. ఎర్రాకుల కోసమైతే దీన్ని వదిలేసినా ఫర్వాలేదు. ఇసుక తోట, నాచు చూడాలనుకుంటే వెళ్లండి.

తిరుగు ప్రయాణంలోనే చాలామంది బోల్తా పడతారు. గింకాకుజి దగ్గర 5వ నంబరు బస్సు నేరుగా క్యోటో స్టేషన్‌కు వెళ్తుంది కదా అని ఎక్కుతారు. అది జనం రద్దీ ఉన్న వీధులన్నీ తిరిగి గంట దాటినా చేరదు. 203 ఎక్కి కరసుమా-ఇమాదెగావాలో దిగి సబ్‌వే పట్టుకోండి. ఈ రోజుకు ప్రయాణ ఖర్చు 260, 230, 260, మొత్తం 750 యెన్‌లు. 1100 యెన్‌ల సబ్‌వే-బస్సు డే పాస్ దీనికి అనవసరం. పాత వన్‌డే బస్ పాస్ గురించి ఎక్కడైనా చదివి ఉంటే మరచిపోండి, 2023లోనే అమ్మడం ఆపేశారు.

ఆగ్నేయం: కియోమిజు, తోఫుకుజి, సాంజూసాంగెన్‌దో

చీకటితో లేవగలిగేవాళ్లకు ఇదే అన్నిటికన్నా గొప్ప రోజు. లేవలేనివాళ్లకు ఇదే అన్నిటికన్నా చెడ్డ రోజు.

ఎందుకంటే కియోమిజు-దేరా పొద్దున ఆరింటికే తెరుస్తారు. మిగతావి చాలావరకు ఎనిమిదిన్నర, తొమ్మిది. ఆ రెండున్నర గంటలే మీ పెట్టుబడి. టికెట్ 500 యెన్‌లు. 778లో పుట్టిన గుడి, ఇప్పటి ప్రధాన మందిరం 1633లో తిరిగి కట్టింది. కొండ అంచున 13 మీటర్ల ఎత్తున నిలబడ్డ చెక్క వేదికకు మేకు కొట్టలేదు, దూలాలనే ఒకదానిలో ఒకటి దూర్చి బిగించారు. జపాన్‌లో తెగించి పెద్ద నిర్ణయం తీసుకోవడాన్ని ‘కియోమిజు వేదిక మీంచి దూకడం’ అంటారు. ఎదో అనే పాత యుగంలో (1603-1868) మొక్కు తీరుతుందని నిజంగానే దూకేవాళ్లు, 1872లో ప్రభుత్వం నిషేధించింది. ఫొటో తీయాల్సింది వేదిక మీద నుంచి కాదు, ఎదురుగా ఉన్న ఓకునోయిన్ మందిరం వసారా నుంచి. వేదిక, లోయలో ఎర్రాకులు, వెనక ఊరు ఒకే చట్రంలో పడతాయి.

లెక్క ఇలా వేసుకోండి. 6:40కి లోపల. 7:30కి బయట. వాలు దిగుతూ 25 నిమిషాల్లో కెయిహాన్ లైను కియోమిజు-గోజో స్టేషన్. అక్కడి నుంచి రెండో స్టేషన్ తోఫుకుజి. పది నిమిషాల నడక. 8:20కల్లా తోఫుకుజి వరసలో ఉంటారు. ఎర్రాకుల రోజుల్లో అక్కడ 8:30కి తెరుస్తారు. దారిలో సాన్నెన్‌జాకా, నినెన్‌జాకా వీధుల దుకాణాలు ఆ వేళకు మూసే ఉంటాయి. కొనుక్కోవాలంటే సాయంత్రం మళ్లీ రావాలి. ఖాళీ రాళ్ల వీధి చూడడం కొనడం కన్నా మేలని మా అభిప్రాయం.

తోఫుకుజిలో ముఖ్యం త్సూతెన్‌క్యో, లోయ మీద కప్పున్న చెక్క వంతెన. కింద 2000 మేపుల్ చెట్లు. 1959 తుఫానుకు కూలితే 1961లో తిరిగి కట్టారు. ఎర్రాకుల రోజుల్లో ఈ భాగానికి 1000 యెన్‌లు. రద్దీ రోజుల్లో వంతెన మీద ఆగడం, ఫొటో తీయడం కుదరదు, కాపలావాళ్లు కదిలిస్తూనే ఉంటారు. టికెట్ లేని గావున్‌క్యో వంతెన మీదా అదే నియమం. అందుకే ఫొటో కోసం వచ్చేవాళ్లు వంతెన మీద కొట్లాడకుండా లోయలోకి దిగి కింద నుంచి తీసుకోవాలి. ఇక్కడ చెర్రీ చెట్లు కనబడవు. మించో అనే చిత్రకారుడైన భిక్షువును షోగున్ ఏం కావాలో కోరుకోమంటే, చెర్రీలు ఉంటే గుడి విలాసాల చోటైపోతుంది, కొట్టించేయమని అడిగాడని చెబుతారు. మేపుళ్లు వచ్చి ఆ పని వాటికన్నా బాగా చేస్తున్నాయని మించో ఊహించి ఉండడు.

వంతెన తరువాత హోజో (మఠాధిపతి నివాసం) తోటలు, వేరే టికెట్, 500 యెన్‌లు. వంతెన జనంలో పదోవంతు కూడా ఇక్కడికి రారు. 1939లో షిగెమోరి మిరెయ్ వేసిన నాలుగు తోటలు. ఉత్తరాన నాచు, రాతి పలకలతో చదరంగం గళ్లలా వేసిన తోట, తూర్పున సప్తర్షి మండలంలా నిలిపిన ఏడు రాతి స్తంభాలు. ఆ స్తంభాలు గుడి పాత మరుగుదొడ్డి పునాది రాళ్లలో మిగిలినవి. పారేయాల్సినదాన్ని నక్షత్రాలు చేశాడు. సాన్‌మోన్ 1425 నాటిది, జెన్ గుళ్లలో నిలిచి ఉన్న సాన్‌మోన్‌లలో ఇదే పాతది.

పదకొండుకు కెయిహాన్ మళ్లీ ఎక్కి ఒక్క స్టేషన్ దాటితే షిచిజో. ఏడు నిమిషాలు నడిస్తే సాంజూసాంగెన్‌దో, 600 యెన్‌లు. 120 మీటర్ల పొడవు మందిరంలో కన్నోన్, అంటే అవలోకితేశ్వర బోధిసత్వుడి విగ్రహాలు 1001. 1266లో తిరిగి కట్టిన మందిరం. లోపల ఫొటోలు కుదరవు. తెలుగువాళ్లు ముందు వరసలో నిలబడ్డ 28 మంది కాపలా దేవతల దగ్గర ఆగాలి. తైషకుతెన్ అంటే ఇంద్రుడు, బొన్‌తెన్ అంటే బ్రహ్మ, నారాయెన్ అంటే నారాయణుడు. పిల్లనగ్రోవి ఊదుతున్న పక్షి ముఖం కరురా, మన గరుత్మంతుడే. నవంబరు మధ్య నుంచి ఇక్కడ పొద్దున తెరవడం ఆలస్యం, సాయంత్రం మూయడం తొందర. కాబట్టి మధ్యాహ్నం పూటే పెట్టుకోండి.

ఫుషిమి ఇనారిని దీనికి కలపాలా? తోఫుకుజి నుంచి జేఆర్ (జపాన్ రైల్వేస్) నారా లైనులో ఒక్క స్టేషనే, టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. అందుకే దాన్ని పగలు పెట్టుకోవడం వృథా. అది మేపుల్ చోటూ కాదు. చీకటి పడ్డాక వెళ్లి, సగం కొండ మీద యోత్సుత్సుజి కూడలి దాకా ఎక్కి ఊరి దీపాలు చూసి దిగండి. 233 మీటర్ల కొండ మొత్తం తిరిగితే రెండు గంటలు. కియోమిజుకు పొద్దున ఎక్కిన కాళ్లకు అది శిక్ష.

పడమర: అరషియామా

పిల్లలతో వెళ్లేవాళ్లకు, నది, కొండ, రైలు అన్నీ కావాలనేవాళ్లకు. బస్సు మీద మాత్రం వెళ్లకండి. క్యోటో స్టేషన్ 32, 33 ప్లాట్‌ఫారాల నుంచి జేఆర్ సాగానో లైను పావుగంటలో సాగా-అరషియామా చేరుస్తుంది, ఛార్జీ 250 యెన్‌ల లోపే. బస్సుకు మామూలు రోజున ముప్పావుగంట, ఈ కాలంలో దేవుడి దయ. ఆ ప్లాట్‌ఫారాలు స్టేషన్‌లో పడమటి చివర ఉంటాయి, అక్కడికి నడవడానికే కొన్ని నిమిషాలు వేసుకోండి.

వెదురు తోపుకు ఎనిమిదికన్నా ముందు చేరకపోతే వెదురు కాదు, తలలు కనిపిస్తాయి. ఏడున్నరకు తోపు, ఎనిమిదిన్నరకు తెన్‌ర్యూజి గేటు. తోటకు 500 యెన్‌లు, మందిరాల లోపలికి ఇంకో 300. 1339లో షోగున్ అషికాగా తకావుజి, గో-దైగో చక్రవర్తి ఆత్మశాంతికి కట్టించాడు. ఎన్నోసార్లు కాలిపోయింది, ఇప్పటి కట్టడాలు చాలావరకు మెయిజీ కాలం (1868-1912) నాటివి. కానీ ముసో సోసెకి అనే భిక్షువు వేసిన సోగెన్‌చి చెరువు తోట 14వ శతాబ్దిదే. వెనకున్న కొండలను తోటలో భాగంగా కలిపేసుకోవడం దీని కిటుకు. కొండకు ఎర్రదనం వచ్చినప్పుడే ఆ కిటుకు పూర్తిగా తెలుస్తుంది. బయటికి ముందు గేటు నుంచి కాక ఉత్తర గేటు నుంచి రండి. తిన్నగా వెదురు తోపు పైభాగంలో తేలతారు.

ఆ తరువాత తోగెత్సుక్యో వంతెన వైపు తిరిగితే రోజు పాడైనట్టే. జనం అంతా అక్కడే. ఉత్తరానికి నడవండి: జోజాక్కోజి, నిసోన్-ఇన్, గియోజి. మూడూ అరకిలోమీటరు దూరంలో చిన్న గుళ్లు. జోజాక్కోజి మెట్లు నిటారుగా ఉంటాయి. నిసోన్-ఇన్ ముందు వెడల్పు మెట్ల బాటకు రెండు వైపులా మేపుళ్లు, పెద్దవాళ్లు కూడా ఎక్కగలరు. గియోజి అరచేతంత తోట, మొత్తం నాచే, రాలిన ఎర్రాకు నాచు మీద పడ్డప్పుడు చూడాలి. అందుకే నెల చివర్లోనే అందం.

నది లోయ వెంట నడిచే పర్యాటక రైలు సాగానో తోరోక్కో గురించి అందరూ అడుగుతారు. 7.3 కిలోమీటర్లు, 25 నిమిషాలు, 880 యెన్‌లు. సీట్లు నెల ముందు నుంచే ఇస్తారు. ఎర్రాకుల వారాల్లో పగటి రైళ్లు తొందరగా నిండిపోతాయి. ముందుగా దొరికితే తీసుకోండి, దొరక్కపోతే బాధపడకండి. అదే లోయను జేఆర్ రైలు కూడా దాటుతుంది, మధ్యమధ్య సొరంగాలతో. తోరోక్కోలో కామెవోకా దాకా వెళ్లి, పది నిమిషాలు నడిచి జేఆర్ ఉమాహోరి స్టేషన్ నుంచి వెనక్కి రావడం అందరూ చేసే పని, అదే తెలివైన పని కూడా. రానూపోనూ తోరోక్కో కొంటే రెండోసారి అదే లోయ.

ఎవరు వద్దనుకోవాలి? పది దాటాక గాని బయలుదేరలేనివాళ్లు. వాళ్లకు అరషియామా జాతరే.

వాయవ్యం: తాకావో

నవంబరు రెండో వారంలో వచ్చేవాళ్లకు, మెట్లు ఎక్కగలిగితే, ఇదొక్కటే సరైన జవాబు. రైలు లేదు. క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ బస్సు సుమారు 50 నిమిషాలు. మూడు గుళ్లు, మూడు స్టాపులు: యామషిరో-తాకావోలో జింగోజి, మకినోవోలో సాయిమ్యోజి, తోగానోవోలో కోజాన్‌జి. వీటి మధ్య కియోతాకి ఏటి వెంట నడుచుకుంటూ పోవచ్చు.

వరస ముఖ్యం. జింగోజికి ముందు ఏటి దాకా దిగి, మళ్లీ 400 మెట్లు ఎక్కాలి. కాళ్లు తాజాగా ఉన్నప్పుడు ముందు అది పూర్తిచేయండి. పైన ప్రమిదంత మట్టి పళ్లేలు అమ్ముతారు, కీడు పోవాలని లోయలోకి విసురుతారు. పళ్లెం గుంట పైకి ఉంచి విసిరితే దగ్గరే పడిపోతుంది. బోర్లించి, మణికట్టు తిప్పి వదిలితే దూరం పోతుంది. చివర కోజాన్‌జి పెట్టుకోవడానికి ఇంకో కారణం, ఊరివైపు బస్సులు చాలావరకు తోగానోవోలోనే మొదలవుతాయి. అక్కడ ఎక్కితే సీటు. యామషిరో-తాకావోలో ఎక్కితే ఊరిదాకా నిలబడే రావాలి.

కోజాన్‌జి ప్రపంచ వారసత్వ జాబితాలోది. జపాన్‌లో తొలి తేయాకు తోట ఇక్కడే అంటారు. కుందేళ్లు, కప్పలు కుస్తీ పడుతున్న ప్రసిద్ధ చిత్రపటాలు ఈ గుడివే. అసలువి మ్యూజియంలలో ఉన్నాయి, సెకిసుయి-ఇన్‌లో పెట్టింది నకలు. దాని వసారాలో కూర్చుని ఎదురు కొండ చూడడమే ఇక్కడి అసలు పని. తాకావోలో తిండి దుకాణాలు తక్కువ, ఊళ్లో కన్నా చలి ఎక్కువ. స్వెటర్, తినేదీ వెంట ఉండాలి.

వాన పడితే, నడవలేనివాళ్లుంటే

ఆకుల మీద పట్టు వదిలేసి నిజో కోటకు వెళ్లండి. సబ్‌వే నిజోజో-మాయె స్టేషన్ ఎదురుగానే. నినోమారు భవనంతో కలిపి 1300 యెన్‌లు. 1603లో షోగున్ తొకుగావా ఇయెయాసు కట్టించిన కోట, 1867లో చివరి షోగున్ అధికారం వదులుకుంటున్నట్టు ప్రకటించిందీ ఇక్కడే. నడిస్తే పిట్టల్లా కిచకిచమనే నేల. పలకల కింద ఇనుప బిగింపులు మేకులకు రాసుకునే చప్పుడది. తోటలో మేపుళ్లు, గింకోలు కూడా ఉన్నాయి, నేల చదును.

స్టేషన్‌కు పావుగంట నడకలో నిషి హోన్‌గాన్‌జి, టికెట్ లేదు. ఆవరణలో పక్కలకు పరచుకున్న పెద్ద గింకో చెట్టు నెల చివరికి పసుపు ముద్దలా ఉంటుంది. మంటలు లేచినప్పుడు నీళ్లు చిమ్మి గుడిని కాపాడిందని కథ. ఈ గుడిది జోదో షిన్‌షూ అనే బౌద్ధ శాఖ. అది పూజించే ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడు ర్యూజు, అంటే మన నాగార్జునకొండ పేరుతో ముడిపడ్డ ఆచార్య నాగార్జునుడు.

తిండి, చలి, చిల్లర

శాకాహారులకు పెద్ద చిక్కు మాంసం కాదు, దాషి. చాలా పులుసుల్లో, ఉదోన్ నూడుల్స్‌లో, కూరల్లో ఎండు చేప రసం ఉంటుంది. ‘మాంసం లేదు’ అని వాళ్లు నిజాయితీగానే చెబుతారు, చేప రసం ఆ లెక్కలోకి రాదు. ‘దాషి ఉందా’ అని విడిగా అడగాలి. నాన్‌జెంజి చుట్టుపక్కల యుదోఫు దుకాణాల్లో టోఫు కొంబు అనే సముద్రపు నాచు నీళ్లలో ఉడుకుతుంది. ముంచుకునే సాస్‌లోనే చేప ఉండే అవకాశం, వద్దని మామూలు సోయా సాస్ అడగండి. గుళ్ల శోజిన్ ర్యోరి పూర్తి శాకాహారం. తెన్‌ర్యూజి లోపలి షిగెత్సులో దొరుకుతుంది, ముందే చెప్పి ఉంచుకోవాలి. గదిలో పులిహోర కలుపుకుని తెచ్చుకునేవాళ్లు గుడి తోటల్లో విప్పకండి, తిననివ్వరు. కామో నది గట్టున కూర్చుంటే తల మీద కన్నేసి ఉంచండి. అక్కడి గద్దలు వెనక నుంచి వచ్చి చేతిలోది తన్నుకుపోతాయి.

చాలా గుళ్లలో టికెట్‌కు నగదే. వెయ్యి యెన్‌ల నోట్లు, వంద నాణేలు ఉంచుకోండి. చెప్పులు విప్పే చోట్లు రోజుకు నాలుగైదు వస్తాయి. తాళ్ల బూట్లు వద్దు, మేజోళ్లు మందమైనవి వేసుకోండి. ఆ చెక్క నేల మంచులా ఉంటుంది. పగలు 15-17 డిగ్రీలు, పొద్దు కుంకగానే జారిపోతుంది. సూట్‌కేసులతో సిటీ బస్సు ఎక్కకండి. స్టేషన్ లాకర్లు తొమ్మిదికల్లా నిండుతాయి, హోటల్లోనే వదిలి రండి. ట్రైపాడ్ ఎక్కడా తీయనివ్వరు. సిటీ బస్సు ఎక్కడం వెనక తలుపు నుంచి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డబ్బు. శని ఆదివారాలు, సెలవుల్లో మాత్రం స్టేషన్ నుంచి కియోమిజు వైపు 500 యెన్‌ల పర్యాటక ఎక్స్‌ప్రెస్ బస్సులు నడుస్తాయి, తక్కువ స్టాపులు, పిల్లలకు సగం ధర. ఇరుకు సీటు కోసం కొట్లాడడం కన్నా ఇది నయం.

రాత్రి దీపాలకు ఒక్కటే ఎంచుకోండి. ఎయికాన్‌దోలో పగటి వాళ్లనందరినీ బయటికి పంపి, అయిదున్నరకు వేరే టికెట్‌తో మళ్లీ తెరుస్తారు. చెరువులో ఎర్రాకుల నీడ చూడాలంటే ఇదే. కొడాయ్‌జి కూడా నీటి నీడకే పేరు. జపాన్‌ను ఏకం చేసిన ఏలిక హిదెయోషి భార్య నెనె 1606లో కట్టించిన గుడి, గెయిషాల పేట గియోన్‌కు దగ్గర కాబట్టి భోజనానికి సుళువు. కియోమిజు దీపాలకు జనం అందరికన్నా ఎక్కువ, పొద్దున చూసినవాళ్లకు అవసరం లేదు. గియోన్‌లో నడిచేటప్పుడు ప్రైవేటు సందుల్లోకి దూరకండి. 2024 నుంచి 10,000 యెన్‌ల జరిమానా బోర్డులు పెట్టారు.

డిసెంబరు 5 దాటాక వచ్చేవాళ్లు పై నాలుగింటినీ పక్కన పెట్టి, కెయిహాన్ లైను చివరి స్టేషన్ దెమాచియానాగిలో దిగండి. పది నిమిషాల్లో షిమోగామో గుడి ముందు తాదాసు నో మోరి అడవి. టికెట్ లేదు, మెట్లు లేవు. ఊళ్లో చెట్లన్నీ బోడిగా ఉన్నప్పుడు ఇక్కడ వాగు పక్క మేపుళ్లు ఇంకా ఎర్రగా ఉంటాయి. రాలినవి దారంతా పరచుకుని ఉంటాయి, జపాన్‌వాళ్లు దాన్ని చిరి-మోమిజి అంటారు. పొద్దున తొమ్మిది పది మధ్య వాలు వెలుగు ఆ తివాచీ మీద పడుతుంది. ఆ గంటకు అందుకుంటే చాలు.